కుడివైపు మడ్‌గార్డు

2017 ఆగస్టు మూడో తేదీ, గురువారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. ముందునాటి సాయంత్రం పట్టిన ముసురు ఆరున్నరకు విడిచింది. గాలి తూర్పునుంచి సన్నగా వీస్తోంది. ధనరాజ్ టింకరింగ్ షెడ్డు గోడమీది ఉష్ణమాపకం ఇరవై ఆరు డిగ్రీలు చూపుతోంది. కొత్తవలస రైల్వే గేటు పడి ఉంది. కిరండూల్ గనులనుంచి దిగిన ఇనుపరాయి గూడ్సుబండి పెట్టె వెనక పెట్టెగా గేటు దాటుతుంటే, కృపానిధి షెడ్డు గుమ్మంలో గొంతుకూర్చుని తన సుత్తుల ముఖాలను ఒక్కొక్కటిగా గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. సుత్తి ముఖంమీద గీత ఉంటే, కొట్టిన ప్రతిచోటా ఆ గీత రేకుమీదికి దిగుతుంది. అందుచేత పని మొదలుపెట్టే ముందు పావుగంట సుత్తులకే ఇస్తాడు. నలభై ఒక్క ఏళ్లుగా ఆ పావుగంట తప్పలేదు.

అతనికి అరవై మూడేళ్లు. పొట్టి మనిషి. రేకుల మోతకు ఎడమ చెవి ఇరవై ఏళ్ల కిందటే మూసుకుపోయింది. ఎవరేమన్నా కుడిచెవి ముందుకు తెచ్చి వినడం అలవాటై, మెడ శాశ్వతంగా ఎడమకు తిరిగిపోయింది. కొత్తగా చూసినవారు అతను తమమీద అలిగి ముఖం తిప్పుకున్నాడనుకుంటారు. కుడి అరచెయ్యి సుత్తి పిడికి అచ్చు పోసినట్టు ముడుచుకుని పూర్తిగా విచ్చుకోదు. ఎడమ అరచెయ్యి మాత్రం ఆశ్చర్యం కలిగించేంత మెత్తన. ఆ చేత్తో అతను బరువు ఎత్తడు, వేడి ముట్టడు. కంటికి అందని సొట్టను ఆ చెయ్యి పట్టుకుంటుంది. దాన్ని అతను అద్దంలా కాపాడుకుంటాడు. అతని గురించి ఊళ్లో చెప్పుకోదగ్గది అంతకు మించి ఏమీ లేదు. బాప్టిస్టు చర్చిలో ఆదివారం చివరి బల్లమీద కూర్చుంటాడు. సంఘంలో ఏ పదవీ లేదు, ఏ రాతిపలకమీదా పేరు లేదు. సొట్టపడ్డ బండి అతని చేతికి వచ్చి వెళ్లాక, ఆ బండి ఎప్పుడైనా సొట్టపడిందన్న సంగతే ఎవరికీ జ్ఞాపకం ఉండదు. పని బాగా చేసేకొద్దీ ఆనవాలు మిగలకపోవడం ఆ వృత్తి ధర్మం.

గేటు లేచింది. ఆగి ఉన్న లారీల నడుమనుంచి మీగడ రంగు బండి ఒకటి రోడ్డు మలుపు తిరగడానికి రెండుసార్లు వెనక్కీ ముందుకూ జరిగి, షెడ్డు ముందుకు వచ్చింది. ఇరవై ఒక్క అడుగుల పొడవు. పక్కకు మూడేసి తలుపులు. మనిషి ఛాతీ ఎత్తున నిటారుగా లేచిన జాలీముక్కు, దానికి అటూ ఇటూ గంగాళాల్లాంటి దీపాలు, ముందు చక్రం పక్కన మూత వేసిన ఉత్తుత్తి చక్రం, తలుపుల కింద పొడుగునా కాలు మోపే పలక. కృపానిధి చేతిలోని గరుకు కాగితం ఆగిపోయింది.

"ఓలమ్మా, ఇదేటి, కారా రైలుపెట్టా?" ఎదురుగా టీకొట్టు నడిపే చిన్నతల్లి గరిటె పట్టుకునే రోడ్డు దాటి వచ్చింది. "గేటు తీసీసరికి గూడ్సు నుంచి ఓ పెట్టె ఊడి ఇటొచ్చీసినట్టున్నాది!"

షెడ్డు యజమాని ధనరాజ్ అప్పటికే ఫోను తీసి బండిని నాలుగు వైపులా ఫొటోలు పడుతున్నాడు. ముప్పై ఐదేళ్లవాడు, కొత్త బళ్ల పేర్లన్నీ కంఠోపాఠం. "ఇది ఫారినుదే. తొంబై ఏళ్లనాటి మోడలు. ముక్కు సూడు, ఎంత పొడుగో. ఇలాటి దీపాలు మన దేసంలో ఏ కంపెనీ ఎట్టలేదు."

"ఫారినుదైతే తలుపు పిడి మా ఆయన టేక్సీ పిడిలాగ ఎందుకున్నాదిరా?" అంది చిన్నతల్లి. ఆమె భర్త పాతికేళ్లు అంబాసిడర్ నడిపి పోయాడు. "రోజూ నానే తుడిసీదాన్ని. ఆ పిడి నాకు తెల్దేటి? సీకట్లో ఒట్టుకున్నా సెప్తాను."

"పాతకాలం బళ్లన్నింటికీ ఒకటే పిడి ఉంటాదమ్మా!" అంటూ ముందు తలుపు తీసుకుని బండి యజమాని దిగాడు. పాతపట్నంలో షామియానాలూ, బ్యాండుమేళమూ, పెళ్లిబండీ అద్దెకిచ్చే జగన్నాధం అతను. "లండన్ నుంచి ఓడమీద దిగినాది. రాజావారి బండి."

"ఏ రాజావారు?"

జగన్నాధం ఒక్క క్షణం ఆలోచించాడు. "అమ్మినోడు పేరు సెప్పలేదు. రాజావారంటే రాజావారే. నీకెందుకమ్మా, పెళ్లీడు పిల్ల ఉన్నాదేటి ఇంట్లో?"

"ఉంటే మాత్రం దీనిమీద ఎక్కిస్తానేటి? ముందు సీట్లో పెళ్లికొడుకు పిలిస్తే ఎనక సీట్లో పిల్లకి ఇనబడదు."

కృపానిధి లేచి దగ్గరికి వచ్చాడు. ఎవరూ అతన్ని అడగలేదు. పరీక్షగా చూసేవాడికి ఆ బండి తన పుట్టుకను దాచుకోదు. ముందు అద్దమూ, తలుపు పిడులూ, గేరుకడ్డీ అంబాసిడరువి. దీపాల గిన్నెలు పాత లారీవి. జాలీ కడ్డీలు ఇనుప మంచం కమ్ములు. కళాయి కింద వాటి అతుకులు వేలికి తగులుతాయి. మధ్య తలుపు మాత్రం ఏ కంపెనీదీ కాదు. దాన్ని ఇద్దరు మనుషులు నేలమీద రేకు పరిచి, సుద్దతో గీసి, కత్తిరించి, కొట్టి చేశారు. ఆ ఇద్దరిలో ఒకడు ఇప్పుడు దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఇరవై నాలుగేళ్ల తరవాత తన కంటపడిన ఆ బండి ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలన్నదే అప్పటికి అతని కుతూహలం. జగన్నాధం చెప్పాడు.

"జూన్లో మా ఊళ్లో పెళ్లికి పంపినాను. ఫొటోలోడు ఆల్బంలో ఎడం పక్క తీసింది ఒక పేజీలో, కుడిపక్క తీసింది ఎదర పేజీలో ఎట్టినాడు. పెళ్లికూతురి మేనమావ సూసి, ఏటయ్యా జగన్నాధం, ఒక బండి మాటాడుకుంటే రెండు బళ్లు పంపినావు అన్నాడు. యాళాకోళమనుకున్నాను. తీరా సూద్దును గదా, ఎనక మడ్‌గార్డు ఇటుపక్క ఒకలాగ, అటుపక్క ఒకలాగ! కొని మూడేళ్లయినాది, నాకే తెల్దు. ఇప్పుడు ఊరూరా ఇదే మాట. వంకరబండి ఎక్కితే కాపరం వంకరౌతాదంట. రెండు పెళ్లిళ్లోళ్లు వద్దనీసినారు. పన్నెండో తారీకున కళింగపట్నం పెళ్లోళ్లు, రెండు పక్కలూ ఒకలాగ ఉన్నట్టు ఫొటో పంపితేనే తీసుకుంటామన్నారు. అదీ పోతే ఇంక దీన్ని తుక్కుకి ఎయ్యడమే."

బండి తుక్కుకి పోవడమా, మిగలడమా అన్నది ఆ విధంగా ఒక మడ్‌గార్డుమీదికి వచ్చింది.

చిన్నతల్లి, ధనరాజ్ వెంటనే బండికి చెరోపక్కకు పరిగెత్తారు. ఆమె ఎడమన, అతను కుడిన.

"ఇదేటి, జారుగా ఉన్నాది!" అంది చిన్నతల్లి.

"జారేటి? గుండ్రంగా బిందెలాగుంటేను!"

"నీ కళ్లు గుండ్రం. ఇటొచ్చి సూడు."

ఇద్దరూ పక్కలు మార్చుకున్నారు, మళ్లీ మార్చుకున్నారు. నాలుగోసారికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు. వెనకనుంచి చూస్తే రెండు మడ్‌గార్డులకూ ఎత్తు ఒకటే, వెడల్పు ఒకటే. నడుమ సామాన్ల పెట్టె, దానిమీద అదనపు చక్రం. తేడా అంతా పక్కవాటంలో ఉంది. కుడిది చక్రంమీదనుంచి లేచి, నిండుబిందె అడుగులా గుండ్రంగా తిరిగి, అంచు లోపలికి ముడుచుకుంది. ఎడమది లేచినట్టే లేచి, సన్నగా, ఏటవాలుగా నేలవైపు జారిపోయింది. ఏ బండికైనా రెండు పక్కలుంటాయి, కానీ ఆ రెండు పక్కలనూ ఒకేసారి చూడగల మనిషి లేడు. అందువల్లే ఇరవై నాలుగేళ్లుగా ఎవరూ కనిపెట్టలేదు.

"కుడిదే బాగున్నాది," అన్నాడు ధనరాజ్. "నిండుగా ఉన్నాది."

"ఎడందే అందం. బాతు నీట్లోకి దిగీటప్పుడు ఈపు ఎలగ జారతాది, అలగున్నాది."

"నీకు బాతుకూర గేపకమొచ్చినాదేటి?"

"నీకు బిందె గేపకమొచ్చినాది గదా. ఇంట్లో నీళ్లు నువ్వే మోస్తన్నావు గావాల."

జగన్నాధానికి ఓపిక లేదు. "గుండ్రందే ఉంచీయండి. ఎడంది కోసీసి కుడిదానిలాగ సెయ్యండి. నిండుగా ఉంటేనే పెళ్లిబండి. సాయంత్రానికి రూపు రావాల మేస్త్రీ, రేపు రంగు ఎయ్యాల."

కృపానిధి ఎడమవైపుకి నడిచి, ఆ ఏటవాలు రేకుమీద మెత్తని అరచెయ్యి పెట్టి, చివరిదాకా నెమ్మదిగా జార్చాడు.

అది విక్టర్ చెయ్యి.

1993లో విశాఖపట్నంలోని ఒక హోటలు యజమాని, పెళ్లిళ్లకు విదేశపు పాతబండిలాంటి పొడుగుబండి కావాలని, రెండు అంబాసిడర్లు తెచ్చి కొత్తవలసలో ఆనాటి మేస్త్రికి అప్పగించాడు. మేస్త్రి ఆ పనిని కృపానిధికీ విక్టర్‌కీ వదిలాడు. ఇద్దరూ మిషను బడిలో ఒకే బల్లమీద కూర్చుని, ఐదో తరగతిలో ఒకే ఏడు తప్పి, ఇరవై దాటాక ఒకే మేస్త్రి దగ్గర చేరినవారు. ఒక బండి ముందుసగమూ, ఇంకోదాని వెనకసగమూ తీసి నడుమ ఏడడుగులు అతికారు. అంతవరకూ గొలుసుతో లాగి, దారం పట్టి సరిచూసుకునే లెక్క. రూపం దగ్గరే చిక్కు వచ్చింది. వారికి ఆధారం ఒక్కటే: మిషను బంగళాలోని దొరసాని స్వదేశానికి వెళ్లిపోతూ విక్టర్ తల్లికి ఇచ్చిన క్యాలెండరు. అందులో నవంబరు నెలమీద, రాలిన ఎర్రటి ఆకుల నడుమ అలాంటి బండి ఒకటి నిలబడి ఉంది. బొమ్మ కనుక దానికి ఒక్క పక్కే ఉంది. అది ఎడమపక్క.

విక్టర్ క్యాలెండరును గోడకు మేకుతో కొట్టి ఎడమ మడ్‌గార్డు చేశాడు. చేసి, దాని వాటం అట్టమీద కోసి కృపానిధికి అందించాడు: "ఇదిగో, అట్ట తిరగేసి ఎట్టుకో. నీ పక్కకి సరిపోతాది." కృపానిధి అట్ట ముట్టలేదు. బొమ్మ గీసినవాడు దూరంనుంచి చూసి గీశాడు కాబట్టి వెనకభాగం అలా జారినట్టు కనబడుతోందనీ, నిజం బండికి వెనక నిండుగా ఉంటుందనీ అతని వాదం. ఆడది చంకన పెట్టుకున్న బిందె ఎంత అందమో బండి వెనక అంత అందంగా ఉండాలన్నాడు. పెళ్లికూతురి చీర తగిలి చిరగకుండా అంచు లోపలికి మడవాలని కూడా అన్నాడు. విక్టర్ తన అంచులో తీగ పెట్టి బయటికి చుట్టాడు. దానికి ఒకపూట ఎక్కువ పట్టింది. ఆ షెడ్డు ఎంత ఇరుకంటే, బండికీ గోడకూ నడుమ మనిషి పక్కవాటుగా నడవాలి. ఎవరి పక్క వారు చేసుకున్నారు. నాలుగు రోజుల్లో రంగు వేశారు. ఐదో రోజు బండి వెళ్లిపోయింది. మేస్త్రికి తెలియలేదు. హోటలు యజమానికి తెలియలేదు. వారిద్దరికే తెలుసు.

ఆ మరుసటి ఏడు విక్టర్ కిరండూల్ వెళ్లి గనుల దగ్గర పని చూసుకున్నాడు. అప్పటినుంచి ప్రతి క్రిస్మసుకీ ఒక కార్డు వచ్చేది. లోపల క్షేమసమాచారం ఏమీ ఉండేది కాదు. 'ఇంకా గుండ్రంగానే ఉందా?' అని ఒక్క వరుస. కృపానిధి జవాబు కూడా ఒక్క వరుసే: 'నీది ఇంకా జారుతూనే ఉందా?' ఇరవై ఒక్క కార్డులు అలా వచ్చాయి, ఇరవై ఒకటి వెళ్లాయి. 2015 ఫిబ్రవరిలో విక్టర్ చనిపోయాడు. ఆ ఏడు క్రిస్మసుకి రెండు రోజుల ముందు కృపానిధి, అలవాటు చొప్పున, తపాలా మనిషి గడప దాటి వెళ్లేదాకా వీధిలోనే నిలబడ్డాడు.

ఇప్పుడు, తీర్పు చెప్పమని ఎవరూ కోరకుండానే, ముగ్గురిలో ఇద్దరు కృపానిధి పక్షాన ఓటు వేశారు. బండి యజమాని వేశాడు, షెడ్డు యజమాని వేశాడు. విక్టర్ మడ్‌గార్డు కోసేస్తే ఆ వాదం ముగుస్తుంది; కృపానిధి గెలుస్తాడు. కోసే కత్తికూడా అతని చేతికే ఇచ్చారు.

అతను పెట్టెలోంచి, పాత లౌడుస్పీకరు నుంచి ఊడదీసి గుడ్డచుట్టిన అయస్కాంతం తీశాడు. ఇనుమున్నచోట అది పట్టుకుంటుంది. పుట్టీతో పూడ్చినచోట వదిలేస్తుంది. విక్టర్ మడ్‌గార్డుమీద మీదినుంచి కిందిదాకా తెచ్చాడు. ఎక్కడా వదల్లేదు. తరవాత కుడిపక్కకు వచ్చాడు. బిందె భుజంమీద పట్టుకుంది, కడుపుమీద పట్టుకుంది, అడుగుకి వచ్చేసరికి చేతిలోంచి ఊడి నేలమీద పడింది. తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది.

అప్పుడతను నేలమీద వెల్లకిలా పడుకుని, ఎన్నడూ చెయ్యని పని చేశాడు: ఎడమ అరచేతిని చక్రం వెనకనుంచి లోపలికి పోనిచ్చాడు. లోపలికి మడిచిన తన అంచు ఒక చిన్న తొట్టె అయింది. ఇరవై నాలుగు వానాకాలాల బురద అందులో దిగి కూర్చుంది. బురద కింద ఇనుము లేదు; తడిసిన అట్టముక్కల్లా పొరలు పొరలుగా తుప్పు. నొక్కితే వేలు దిగిపోయింది. ఎవరో రంగులవాడు బయటినుంచి పుట్టీ మెత్తి, రంగు వేసి, ఆ సంగతి కప్పిపుచ్చాడు. లేచి విక్టర్ పక్క కింద చెయ్యి పెట్టి చూశాడు. పొడి. నీరు వచ్చిన దారినే జారిపోయింది. తీగచుట్టిన అంచు చెక్కుచెదరలేదు.

కారణం అతనికి అప్పుడు బోధపడింది. బొమ్మ గీసినవాడు పొరబడలేదు. ఎక్కడో, వానా మంచూ కురిసే దేశంలో, ఎవడో తనలాంటి మేస్త్రి నీటికి దారి చూపించడానికి రేకును అలా వంచాడు. అందం ఆ తరవాత వచ్చింది. విక్టర్ ఆ సంగతి తెలిసి చేశాడా, చూసినట్టు చేశాడా? అడగడానికి మనిషి లేడు.

లోపల ఒక పట్టీ అతికి, మీద పుట్టీ రాస్తే ఇంకో ఐదేళ్లు ఏ కన్నుకీ తెలియదు. బండి యజమాని కోరింది కూడా ఆ గుండ్రం రూపే. కృపానిధి తువ్వాలుతో చెయ్యి రెండుసార్లు తుడుచుకున్నాడు.

"కుడిదే తియ్యాల," అన్నాడు.

జగన్నాధం విసుక్కున్నాడు. "ఎడంది అన్నాను గదా మేస్త్రీ. ఇనబడలేదేటి?"

"ఇనబడింది బావూ. కుడిదాని అడుగు కుళ్లిపోనాది. అలగుంటే నీరు నిలుస్తాది. ఎడందాన్ని దీనిలాగ సేస్తే, రెండూ కుళ్లుతాయి."

"పట్టీ ఏసీ మావా," అన్నాడు ధనరాజ్ మెల్లగా. "మంచి రూపు అది."

"రూపు నాకు తెల్దేటిరా? నానే కొట్టినాను."

ఒక లారీ హారను మోగించుకుంటూ పోయింది. చిన్నతల్లి గరిటె దించింది. కృపానిధి అంత పెద్ద మాట ఆ షెడ్డులో ఎన్నడూ అనలేదు.

"నువ్వా?" అన్నాడు ధనరాజ్. "ఎప్పుడు?"

"తొంబైమూడులో. ఈ కుడిపక్క నాది. ఆ ఎడంపక్క విక్టరుది. అంబాసిడర్లు రెండు కోసి అతికినాం. సిన్నతల్లీ, ఆ పిడి నువ్వన్నదే."

"సెప్పలేదేటి! ఇందాకణ్ణించి ఈ ధనరాజుగాడు తొంబై ఏళ్ల మోడలని కోస్తంటే ఇంటూ నిలబడ్డావా, కృపన్నా!"

జగన్నాధం ముఖం పాలిపోయింది. అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మేస్త్రీ, నీ సెయ్యి మంచిది, నాను కాదన్ను. గానీ ఈ మాట ఈ షెడ్డు దాటకూడదు. లండన్ బండని సెప్పి తిప్పుతన్నాను. కొత్తవలసలో సేసినారంటే ఎవులెక్కుతారు?"

"నాను సెప్తే మాత్రం ఎవులు నమ్ముతారు బావూ," అన్నాడు కృపానిధి. "కుడిది తియ్యమంటారా?"

జగన్నాధం వంగి ఆ బెజ్జంలో తన వేలే పెట్టి చూసుకున్నాడు. వేలు ఎర్రగా బయటికి వచ్చింది. "తీసీ," అన్నాడు.

తొమ్మిదిన్నరకు కటింగు చక్రం మోగింది. తన మడ్‌గార్డును కృపానిధి తానే కోశాడు. ఎక్కడ పట్టు ఉందో, ఎక్కడ వదులో అతనికి తెలుసు కనుక పావుగంటలో అది చేతుల్లోకి ఊడివచ్చింది. దాన్ని గోడకు ఆనించి, ఎడమపక్కకు వెళ్లి, టీవీ వచ్చిన అట్టపెట్టె ఒకటి విప్పి, విక్టర్ వాటాన్ని దానిమీద అంగుళం అంగుళంగా గీసుకున్నాడు. కత్తిరించాడు. కుడిపక్కకు తెచ్చి, కొంచెంసేపు అలాగే పట్టుకున్నాడు. తరవాత అట్ట తిరగేసి పెట్టాడు. సరిపోయింది.

ఆపైన అంతా సుత్తి పని. ఇరవై గేజి రేకును ఇసకసంచిమీద పరిచి, కొయ్యసుత్తితో గుంట తీసి, లోపల ఇనుపదిమ్మ పట్టి, మీద చదును సుత్తితో కొట్టడం. ఎక్కువ కొడితే రేకు సాగి వదులవుతుంది; తక్కువ కొడితే వంపు రాదు. ఇరవై దెబ్బలకొకసారి ఆగి, కళ్లు మూసుకుని, ఎడమ అరచెయ్యి జార్చి చూశాడు. నీళ్లూ, ఎర్రమన్నూ, ఇనుపరాయి ధూళీ కలిసిన ఆ ఊరి గాలిలో అతని దెబ్బలు గూడ్సుబళ్ల మోతలో కలిసిపోయి, బండి దాటాక మళ్లీ విడిగా వినబడ్డాయి. ఆ పూట మూడు బళ్లు దాటాయి. రెండింటికి భార్య ఏసమ్మ రాగిపిండితో కాచి కట్టిచ్చిన చోడి అంబలి తాగి, ఎండుచేప నెత్తళ్ల వేపుడు నంజుకున్నాడు. ధనరాజ్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మావా, నిజం సెప్పు. ఏది బాగుంటాది?"

కృపానిధి గిన్నె కడిగి బోర్లించాడు.

"నాదే బాగుంటాది," అన్నాడు. "ఆడిది మంచిది."

అంచుకి తీగ చుట్టడానికే రెండు గంటలు పట్టింది. విక్టర్ ఆనాడు తీసుకున్న పూట ఎక్కడ ఖర్చయిందో అతని వేళ్లకు తెలిసింది. మలుపు దగ్గర తీగ తిరగనంటుంది. అక్కడ వేడిచేసి, పళ్లబిగువున పట్టి, ఒకే తిప్పుగా తిప్పాలి. ఆ మలుపులో విక్టర్ వదిలిన చిన్న నొక్కు ఒకటి ఎడమపక్కన ఉంది. కృపానిధి చూశాడు. తన పక్కన కూడా, అదేచోట, అంతే నొక్కు వేశాడు.

ఆరుంపావుకి గ్యాస్ వెల్డింగు ముగిసింది. మబ్బు విడిచి పడమట ఎర్రగా ఉంది. జగన్నాధం ఎడమపక్క ఒక ఫోనులోనూ, కుడిపక్క ధనరాజ్ ఫోనులోనూ ఫొటో తీసి, రెంటినీ పక్కపక్కన పెట్టి, తిప్పి తిప్పి చూశాడు. "అచ్చు పోసినట్టు దిగినాది మేస్త్రీ!" అన్నాడు. అతని కంఠంలో నిజమైన ఆనందం ఉంది. కూలికి మించి ఏమైనా అడుగుతాడేమోనని కాసేపు ఎదురుచూశాడు కూడా.

"ఆ పాతది నాకిచ్చీయండి," అన్నాడు కృపానిధి.

"తుక్కే గదా. ఒట్టుకెల్లు."

చిన్నతల్లి తాడు ఇచ్చింది. మడ్‌గార్డును సైకిలు వెనకపీటకు కట్టుకుని, తొక్కలేక, నడిపించుకుంటూ ఇంటికి వెళ్లాడు. మిషను పేటలో రెండు గదుల పెంకుటిల్లు. గుమ్మంలో బియ్యం ఏరుతున్న ఏసమ్మ తల ఎత్తింది.

"ఏటది?"

"నాదే. విక్టరు గెలిసీసినాడే."

"సచ్చిపోయినోడితో పందేలేటి నీకు?" అంటూనే ఆమె లేచి రెండో కొస పట్టింది. ఇద్దరూ కలిసి దాన్ని పెరటి కుళాయి పక్కన గోడకు నిలబెట్టారు. కృపానిధి చేతులు కడుక్కుంటూ, "ఈ క్రిస్మసుకి కార్డు రాయాల," అన్నాడు.

"ఎవులికి?"

అతను కుళాయి కట్టేశాడు. ముఖం ఎడమకు, గోడకు నిలబెట్టిన మడ్‌గార్డువైపు తిరిగి ఉంది.

అదే నెల పన్నెండో తేదీ, శనివారం, ఉదయం ఎనిమిదికి, సైకిలుకి గాలి కొట్టించుకోవడానికి గేటు దగ్గర ఆగి, బల్లమీద కూర్చున్న కృపానిధి మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. ఆ వేళకు మీగడ రంగు బండి కళింగపట్నంలో, రెండు పక్కలా బంతిపూలు వేయించుకుని, పెళ్లివారింటి ముందు నిలబడి ఉంది.

ఆరేళ్ల తరవాత విజయనగరంలో పాతబళ్ల ప్రదర్శన ఒకటి జరిగింది. ఔత్సాహికులు నలుగురు ఆ బండిని రెండు గంటలు పరీక్షించి వాదించుకున్నారు. తలుపు పిడులు అంబాసిడరువని ఒకరు ఎత్తిచూపారు; అవి తరవాత మార్చినవని మరొకరు సర్దిచెప్పారు. వెనక మడ్‌గార్డులు రెండూ, అంచు మలుపులోని నొక్కుతో సహా, నూలుపోగు తేడా లేకుండా సరిపోవడంవల్ల ఇది చేతిపని అయ్యే అవకాశం లేదనీ, విదేశీ కర్మాగారంలో యంత్రపు అచ్చుమీద తీసినదనీ చివరికి తేల్చి, ఆ మేరకు ముందు అద్దానికి ఒక చీటీ అతికించారు.

కొత్తవలసలో, ఏసమ్మ పెరట్లో, కుళాయి పక్కన గోడకు ఆనించిన మడ్‌గార్డు అలాగే ఉంది. లోపలికి మడిచిన అంచు పట్టినంత మట్టి పోసి ఆమె అందులో పొదీనా వేసింది; అడుగున తుప్పు తిన్న బెజ్జంలోంచి నీరు ఎప్పటికప్పుడు దిగిపోతుంది కనుక, ఎంత వాన కురిసినా వేరు కుళ్లదు.